కోడి ఎక్కిన లిఫ్టు

మేడమీది గది
జూన్ 3

అన్నయ్యకి,

ఫోన్లో నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, మన ఇంటి సంగతులన్నీ పక్క వాటాల వాళ్ళు కూర్చుని వినడం, ఈ సంబడం ఇక చాలు. ముప్పై ఏళ్ళు లిఫ్టు మోటార్ల పక్కన నిలబడ్డ నీ చెవులకి ఉత్తరమే గతి.

సంగతేమిటంటే, నేనొక కంప్యూటర్ ఆట తయారుచేశాను. నవ్వకు. పిల్లల పాఠ్యపుస్తకాలకి ఏనుగులూ గొడుగులూ గీసి గీసి విసుగెత్తింది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతను ఒకడున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, అందరం ముంగి అంటాం, పని మాత్రం బాగా తెలుసు. నేను బొమ్మలు గీశాను, అతను వాటిని కదిలించాడు. ఆడితే రెండు గంటల్లో అయిపోతుంది. పేరు 'కోడి ఎక్కిన లిఫ్టు'. ఒక కోడి లిఫ్టు ఎక్కుతుంది. ఆ లిఫ్టు భవనంలో లేని అంతస్తుల్లో ఆగుతుంది. ప్రతి అంతస్తులో ఒక చిక్కు విప్పితేగాని కదలదు. ఆఖరి చిక్కు పైన మోటారుండే మెషిన్ రూమ్‌లో.

కోడి ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను. మీ బావే. ఆ ప్రమాదం జరిగిన రోజు నువ్వు పైన మెషిన్ రూమ్‌లో, ఆయన కింద తలుపు దగ్గర. పైవాడు కరెంటు ఆపి మాట చెప్తేగాని కిందవాడు తలుపు ముట్టుకోకూడదన్నది మీ పనిలో మొదటి పాఠం. పెళ్ళయిన కొత్తలో ఆయనే నాకు వంద సార్లు చెప్పాడు. నువ్వు సంతకం పెట్టిన విచారణ కాగితం నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. 'పైనుంచి మాట రాకముందే కింద ఉన్న మెకానిక్ తలుపు తెరిచాడు.' తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఫోటో తుడుస్తూ ఆ వాక్యం పట్టుకుని ఆయన్ని తిడుతున్నాను. ఒక్క నిమిషం ఆగలేకపోయావా మహానుభావా అని. భోజనం దగ్గర ఆగలేడు, బస్సు ఆగేదాకా ఆగలేడు, సినిమాలో ఆఖరి సీను దాకా ఆగలేడు. చివరికి నన్ను ఒంటరిదాన్ని చేసేదాకా ఆగలేదు.

అందుకే ఆట చివరి తెర మీద అంకితం ఇలా రాశాను: 'మాట రాకముందే తలుపు తీసిన తొందర మనిషికి.' ఆగస్టు ఇరవై ఆరున ఆట జనంలోకి వెళ్తుంది. తెలిసినవాళ్ళు చదువుతారు. చదవనీ.

నువ్వు ఆడి చూసి, లిఫ్టు సంగతులు ఎక్కడ తప్పో రాయి. ఆయనతో పద్నాలుగేళ్ళు పనిచేసినవాడివి నువ్వొక్కడివే. మెచ్చుకోనక్కర్లేదు. అది నీకు ఎలాగూ చేతకాదు.

చెల్లి


కంపెనీ స్టోరు గది
జూన్ 17

చెల్లాయికి,

నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం క్షేమం.

నీ ఆట మొదలుపెట్టాను. మొదలుపెట్టాను అంటే, మీ వదిన ట్యాబ్‌లో ఎక్కించింది, మీ వదిన ఎక్కడ నొక్కాలో చూపించింది, మీ వదిన కళ్ళజోడు వెతికి తెచ్చింది. ఆడింది మాత్రం నేనే.

ఏమిటే ఇది? యాభై దాటినదానివి చేయాల్సిన పనేనా? రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇంకో అంతస్తట. అక్కడ గొడుగులన్నీ మీటింగు పెట్టుకున్నాయి. అధ్యక్షుడు ఊచ విరిగిన ముసలి గొడుగు. వాన ఊసెత్తితే బయటికి గెంటేస్తున్నాయి. గొడుగుల దగ్గర వాన గురించి కాక దేని గురించి మాట్లాడమంటావు, నా కొలువు గురించా? నలభై నిమిషాలు బతిమాలాను. మీ వదిన వంటింట్లోంచి తడిచేత్తో వచ్చి ఆ ముసలి గొడుగు మీద వేలు పెట్టింది. అది మూసుకుంది. మీటింగు అయిపోయింది. "పాపం, తెరుచుకుని తెరుచుకుని నడుం పోయుంటుందండీ," అంది. ఇదొక చిక్కు, దానికొక విప్పడం!

ఐదున్నరో అంతస్తులో ఒంటి చెప్పులు తమ జోడు కోసం క్యూ కట్టాయి. ముందున్నదాన్ని వెనక్కి పంపితేగాని క్యూ కదలదట. ఆ పైన ఒక మేక బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ కాగితాలు తింటోంది. నమిలినంతసేపు నమిలి 'ఇది చెల్లదు' అంటుంది. ఇంతకంటే బుద్ధున్న మేకలు మా హెడ్డాఫీసులో ఉన్నాయి.

ఇక లిఫ్టు. రాసుకో. నీ లిఫ్టుకి ఒకే ఒక్క తాడు వేలాడదీశావు. బావిలో బకెట్టా అది? నాలుగుండాలి. తాడు తెగగానే లిఫ్టు దబ్బున కిందపడినట్టు చూపించావు. పడదు. పట్టాలను కరిచి పట్టుకునే దవడలు ఉంటాయి అడుగున. సినిమాలు చూసి లిఫ్టులు గీస్తే ఇలాగే ఉంటుంది. తలుపు ఒక అంతస్తులో ఎడమవైపు, పై అంతస్తులో కుడివైపు జరుగుతోంది. ఏదో ఒకవైపు జరగమను దాన్ని.

ఆ అంకితం మాత్రం తీసెయ్. పోయినవాణ్ణి పదిమందిలో నిలబెట్టి తిట్టడం ఏం బాగుంటుంది? నేను చెప్పిన మిగతావన్నీ గాలికొదిలేసినా సరే, అదొక్కటి తీసెయ్.

మెషిన్ రూమ్ దాకా ఇంకా వెళ్ళలేదు. వెళ్ళాలని కూడా లేదు.

అన్నయ్య


మేడమీది గది
జూన్ 29

అన్నయ్యకి,

తాళ్ళు నాలుగు గీశాను. దవడలు పెట్టాను. తలుపుకి బుద్ధి చెప్పాను. నువ్వు లిఫ్టుల గురించి చెప్పినవన్నీ నిజమే అని ఒప్పుకోవడం నా నోటికి ఎంత కష్టమో నీకు తెలుసు, కాబట్టి ఒక్కసారే అంటున్నాను, మళ్ళీ అడగకు.

గొడుగుల సంగతి వేరు. బయటివాళ్ళు పదకొండు మందిచేత ఆడించి చూశాం. మా ఆఫీసు ఊడ్చే ఆవిడ మూడు నిమిషాల్లో ఆ మీటింగు ముగించింది. నలభై నిమిషాలు గొడుగుల కాళ్ళు పట్టుకున్నవాడివి భూమ్మీద నువ్వొక్కడివే. ముంగికి ఈ సంగతి చెప్తే నవ్వాడు. అతను నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆ ఘనత నీదే.

అంకితం తీయను. పోయినవాణ్ణి తిట్టకూడదని నాకు నీతులు చెప్పకు. ఆయన్ని వెనకేసుకొచ్చేవాడివైతే ఆ రోజే వెనకేసుకు రావాల్సింది. విచారణవాళ్ళ ముందు ఒక మాట మెత్తగా చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పావు, నీ నిజాయితీకి కాలనీ అంతా ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు నేనూ ఉన్నదున్నట్టే రాశాను.

మెషిన్ రూమ్‌కి వెళ్ళు. అన్నిట్లోకీ సులువైన చిక్కు అదే. లిఫ్టు లోపలి సంగతులు కలలో కూడా చూడనివాళ్ళు, పదకొండు మందీ, మొదటిసారికే చేసేశారు. నీకు అర నిమిషం. ముందు నేను కోడిని అసలు మనిషిలాగే చేయించాను, మాట రాకముందే తలుపు తీసేలా. అప్పుడు ఎవరూ గెలవలేకపోయారు. ఇది చిక్కు కాదు, మోసం అన్నాడు ముంగి. సరేనని మార్పించాను. ఇప్పుడు కోడి చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా వింటుంది. దాన్ని గీస్తూ అనుకున్నాను, ఈ కోడికున్న బుద్ధిలో సగం ఆయనకి ఉంటే ఇవాళ ఇంట్లో ఉండి నా బొమ్మలకి వంకలు పెట్టేవాడు కదా అని.

చెల్లి


కంపెనీ స్టోరు గది
జూలై 14

చెల్లాయికి,

నీ ఆట పాడైపోయింది. ముంగికి చెప్పు.

మెషిన్ రూమ్‌కి వెళ్ళాను. వెళ్ళాలని లేదంటే వినవు కదా. పైన నేను, కింద కోడి. నా ఎదురుగా కరెంటు ఆపే ఎర్ర హ్యాండిల్, పక్కన కేక వేసే గొట్టం. గొట్టంలో 'ఆపాను' అని కేక వేస్తే కోడి 'ఆపావు' అని తిరిగి చెప్పి తలుపు తీస్తుంది. ఇంతవరకూ బాగానే గీశావు. మాటలు కూడా అచ్చం మావే, మీ ఆయన నీకు అన్నీ చెప్పాడన్నమాట. నేను కేక వేశాను, హ్యాండిల్ దించాను. ఈలోగా ఆ కాగితాల మేక పై అంతస్తులో బటన్ నొక్కింది. లిఫ్టు కదిలింది. తెర నిండా ఈకలు. 'మళ్ళీ ప్రయత్నించండి' అట. ఏడుసార్లు ప్రయత్నించాను. ఏడుసార్లూ ఈకలే.

రెండూ చేశాను కదా! కేకా వేశాను, హ్యాండిలూ దించాను. ఇంకేం కావాలి నీ కోడికి, స్టాంపు కాగితం మీద రాసివ్వాలా?

మీ వదిన వెనక నిలబడి చూస్తూ, "ముందు ఆపి, ఆ తర్వాత కదండీ ఆపానని చెప్పాలి?" అంది. ఇది గ్యాసు పొయ్యి ఆపడం కాదే, నోరు మూసుకో అన్నాను. నిన్నటిదాకా ట్యాబ్ పట్టుకోవడం నేర్పినందుకు నాకు లిఫ్టులు కూడా నేర్పుతుందట! పుస్తకంలో ఆవిడ చెప్పినట్టే ఉంటుంది, కాదనను. రోజుకి పన్నెండు లిఫ్టులు చూసేవాడికి పుస్తకాలతో తెల్లారదు. నోరు కేక వేస్తుంటే చెయ్యి హ్యాండిల్ మీదికి పోతూ ఉంటుంది. కిందవాడు జవాబు చెప్పి, తాళంచెవి తిప్పి, తలుపు జరిపేసరికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆలోపు పైన పని అయిపోతుంది. పద్నాలుగేళ్ళు అలాగే చేశాం. పని తెలిసినవాళ్ళు అందరూ అలాగే చేస్తారు. ముంగికి చెప్పి ఆ నాలుగు సెకన్లు పెట్టించు. లేకపోతే నీ ఆట చూసి లిఫ్టు పనివాళ్ళు నవ్వుతారు.

అన్నయ్య


మేడమీది గది
జూలై 20

అన్నయ్యకి,

ముంగి చూశాడు. ఆట పాడవలేదు.

పదకొండు మంది ఆడారని రాశాను. పదకొండు మందీ ముందు హ్యాండిల్ దించారు, తర్వాత కేక వేశారు. ఊడ్చే ఆవిడ కూడా అంతే, వదిన చెప్పిందీ అదే. కేక ముందు వేసినవాడివి నువ్వొక్కడివే. ఏడుసార్లు.

'పద్నాలుగేళ్ళు అలాగే చేశాం' అని రాశావు. ఆ పద్నాలుగేళ్ళూ పైన ఉన్నది ఎప్పుడూ నువ్వు. కింద ఉన్నది ఎప్పుడూ ఆయన.

ఇంకొకటి. మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆ ప్రమాదం తర్వాత నువ్వు మళ్ళీ మెషిన్ రూమ్ ఎక్కలేదు, స్టోరులో కుర్చీ వేయించుకున్నావు. ఆ స్టోరు మూడో అంతస్తులో ఉందనీ, రోజూ మెట్లెక్కే వెళ్తావనీ వదిన ఎప్పుడో మాటల్లో చెప్పింది. అప్పుడు పట్టించుకోలేదు.

ఆ రోజు ఏది ముందు?

చెల్లి


కంపెనీ స్టోరు గది
ఆగస్టు 5

చెల్లాయికి,

జవాబు ఆలస్యమైంది. స్టోరులో సరుకు లెక్కింపు, ఆపైన మీ వదినకి జలుబు, నాకు కాస్త నలత.

నీ ఆట గురించి నేను నోరు పారేసుకున్నాను. మళ్ళీ చూశాను, చాలా బాగుంది. ఆ చెప్పుల క్యూ మరీ బాగుంది. నీ చేతిలో ఇంత పనితనం ఉందని ఇన్నాళ్ళూ గుర్తించలేదు.

ఆ రోజు సంగతి అడిగావు. తొమ్మిదేళ్ళయింది. మేం వెళ్ళిందే తలుపు స్విచ్ పాడైందని, దాన్ని బాగుచేయడానికి. అందువల్ల తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదిలే స్థితి. ఆపైన పాత భవనం, చప్పుడు, తొక్కిడి. కేక, హ్యాండిల్, తలుపు, అన్నీ ఇంచుమించు ఒకేసారి జరిగిపోయాయి. కొంత గందరగోళం. ఏది ముందు, ఏది వెనక అని ఇప్పుడు తూచి చెప్పడం కుదిరే పని కాదు. నీ మనశ్శాంతి కోసం కావాలంటే కంపెనీకి ఇలా రాసిస్తాను: 'పరస్పర సమన్వయ లోపం వల్ల ప్రమాదం జరిగి ఉండవచ్చునని ప్రస్తుతం భావిస్తున్నాను.' చిత్తు ప్రతి ఇందులో పెట్టాను. చూసి చెప్పు.

ఆరోగ్యం జాగ్రత్త.

అన్నయ్య


మేడమీది గది
ఆగస్టు 9

అన్నయ్యకి,

నువ్వు మెచ్చుకున్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. ఆ రెండో పేరా చదివాక మూడో పేరా చదవక్కర్లేకపోయింది.

అయినా చదివాను. 'పరస్పర సమన్వయ లోపం'! ఈ మాటలు నీకెవరు అద్దెకిచ్చారు? ఆ కాగితాల మేక కూడా నమలలేదు దీన్ని. నా బొమ్మలో తాళ్ళు ఎన్నో లెక్కపెట్టావు. దవడలు ఎక్కడుంటాయో చెప్పావు. తలుపు ఏవైపు జరిగిందో పట్టుకున్నావు. నీ సొంత చెయ్యి ఆ రోజు ఎక్కడుందో మాత్రం గందరగోళమట! ఆ తొమ్మిదేళ్ళ కిందటి కాగితంలో ఏ గందరగోళమూ లేదే? 'మాట రాకముందే' అని ఎంత సూటిగా ఉంది! చచ్చిపోయినవాడి తప్పు రాయడానికి ఒక్క వాక్యం చాలింది. నీది రాయడానికి సమన్వయం, లోపం, ఉండవచ్చు, ప్రస్తుతం, ఇంత సామాను మోసుకొచ్చావు. నీళ్ళు నమలడంలో కూడా నీకు పనితనం లేదు.

నీ చిత్తు ప్రతి తిప్పి పంపుతున్నాను. వరసగా రాయి. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. పిల్లల పుస్తకంలో బొమ్మల కింద రాసినట్టు రాయి, అంతకంటే ఎక్కువ వద్దు.

ఇరవై ఆరున ఆట వెళ్తుంది. అంకితం అలాగే ఉంది. నువ్వు నోరు విప్పకపోతే ఆ అబద్ధం అలాగే జనంలోకి వెళ్తుంది, ఈసారి కింద నా పేరుతో.

చెల్లి


కంపెనీ స్టోరు గది
ఆగస్టు 18

చెల్లాయికి,

వరసగా రాస్తున్నాను.

నేను 'ఆపాను' అని కేక వేశాను. బావ 'ఆపావు' అన్నాడు. నా చెయ్యి హ్యాండిల్ మీదికి పోతోంది. ఆ భవనం మేనేజరు గుమ్మంలోకి వచ్చి, మేం వచ్చినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టమన్నాడు. పెన్ను అందుకున్నాను. సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను. వెనక మోటారు తిరిగింది. పై అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. అప్పుడు హ్యాండిల్ దించాను.

ఇదే వరస. బావ తొందరపడలేదు. నా మాట వినే తలుపు తీశాడు.

సాయంత్రం విచారణవాళ్ళు వచ్చి ఏం జరిగిందని అడిగారు. 'మాట రాకముందే' అన్నది నా నోటి నుంచి వచ్చిన మాటే. ఎవరూ చెప్పించలేదు, ఎవరూ బెదిరించలేదు. మేనేజరుకి కేక సంగతి తెలియదు, అప్పటికి అతనింకా మెట్ల మీదే ఉన్నాడు. నాకు ఉద్యోగం పోతుందనిపించింది, జైలు అనిపించింది, నీ మొహం ఎలా చూడాలి అనిపించింది. అన్నిటికీ ఆ ఒక్క వాక్యం సరిపోయింది. ఆ కాగితం నకలు నీకు తెచ్చిచ్చింది కూడా నేనే. నువ్వు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టావు. తిట్టనీ, నన్నయితే తిట్టడం లేదు కదా అనుకున్నాను. నేనంత నీచుణ్ణి. నా మోకాళ్ళకు ఏమీ లేదు.

ఈ వరసే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కంపెనీలో ఇచ్చాను. నకలు ఇందులో ఉంది. సోమవారం నుంచి స్టోరుకి రావద్దన్నారు, మిగతాది పిలిచి చెప్తారట. మీ వదినకు చదివి వినిపించాను. "నోరు మూసుకో అన్నారు నన్ను," అంది.

నిన్న నీ ఆట పూర్తిచేశాను. హ్యాండిల్ దించాను. తర్వాత కేక వేశాను. కోడి 'ఆపావు' అంది. తలుపు తీసి బయటికొచ్చి, ఈకలు దులుపుకుని, నా వంక చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అర నిమిషం పట్టింది, నువ్వన్నట్టే.

క్షమించమని రాయబోయాను. నీకు నవ్వొస్తుందని ఆగాను.

అన్నయ్య


మేడమీది గది
ఆగస్టు 24

అన్నయ్యకి,

అందింది. వరస సరిగ్గా ఉంది.

అంకితం మార్చాను. ఇప్పుడు ఇలా ఉంది: 'మాట వచ్చాకే తలుపు తీసిన మనిషికి.' ముంగి మార్చి, తెర నా వైపు తిప్పి, నేను చదివినంతసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మెషిన్ రూమ్ గుమ్మంలో రిజిస్టర్ పట్టుకున్న మనిషినొకణ్ణి గీద్దామని చెయ్యి దురద పెట్టింది. గీయలేదు. ఆడేవాళ్ళు ఎవరూ ఆ పెన్ను అందుకోరు. అది నీ దగ్గరే ఉంచుకో.

ఇవాళ పొద్దున ఫోటో తుడుస్తూ అలవాటుగా నోరు తెరిచాను. తొమ్మిదేళ్ళు, రోజూ తిట్లు, ఒక్కటీ ఆయనకి చెందింది కాదు. అన్నీ నీవి, ఆయన మీద పడ్డాయి. ఆయన ఆఖరిసారి చేసిన పని నీ మాట నమ్మడం. నేను చేసిన పని నీ కాగితం నమ్మడం. గుడ్డ చేత్తో పట్టుకుని, ఆఫీసుకి టైమైపోతున్నా అక్కడే నిలబడ్డాను.

నిన్ను తిడదామని కూర్చుంటే మాత్రం ఒక్క మాటా రావడం లేదు. ఇంత నోరున్నదాన్ని, ఏమయిందో తెలియదు. వచ్చిన రోజున రాస్తాను. అందాకా నువ్వు రాయకు.

చెల్లి